ఆరో కారు

క్లారీ ట్రెన్‌గోవ్ ముప్పై ఒక్క ఏళ్లు విర్రబిల్లా ట్రాక్‌లో రేసు కార్లను తనిఖీ చేశాడు. దానికి జీతం లేదు. రోజుకొక భోజనం చీటీ, ఏడాదికొక టోపీ ఇచ్చేవాళ్లు. ఆ టోపీలు అతని షెడ్డులో మేకులకు వేలాడుతుంటాయి. కొన్నింటిని దుమ్ము పడకుండా రంగు డబ్బాల మీద బోర్లించాడు.

సిడ్నీకి పడమట, కౌరా ఊరి బయట గోధుమ కోత యంత్రాలు బాగుచేసే షెడ్డు అతనిది. వెల్డింగ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పదహారేళ్లప్పుడు తుక్కు ఇనుప ముక్కలు రెండేసి అతికించి, చల్లారాక వైసులో బిగించి, సుత్తితో విరగ్గొట్టి, లోపల ఎక్కడ అంటుకుందో ఎక్కడ అంటుకోలేదో చూసుకునేవాడట. అలా రెండు చలికాలాలు తను చేసిందల్లా తనే విరగ్గొట్టాడు. "అతికించడం ఎవడైనా చేస్తాడు. సొంతది విరగ్గొట్టాలంటేనే ఏడుపొస్తుంది," అనేవాడు. నేను అతని షెడ్డులో ఇరవై ఏళ్లు లేత్ మీద పనిచేశాను. రేసుల రోజుల్లో అతని కింద తనిఖీలో ఉండేవాణ్ణి.

ఆ రేసుల సంగతి ఇప్పటివాళ్లకి తెలియదు. షోరూంలో ఎవరైనా కొనుక్కోగల కారే రేసు కారు. ఇంజను అదే, బ్రేకులు అవే. లోపలి సీట్లు పీకేసి, బోల్తా పడితే మనిషి నలిగిపోకుండా ఇనుప గొట్టాల పంజరం బిగించుకుంటే చాలు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లు, ప్లంబర్లు, రొట్టెలు కాల్చేవాళ్లు శనివారం ఆ కారే తోలుకుంటూ వచ్చి, ఆదివారం రేసు ఆడి, సోమవారం అందులోనే పనికి పోయేవాళ్లు. క్లారీ చిన్నకార్ల తరగతిలో పదకొండేళ్లు తోలాడు. రెండుసార్లు గెలిచాడు. అప్పట్లో ఒక్క చిన్నకార్లే నలభై దాకా గీత దగ్గర నిలబడేవి. నడుం పట్టేశాక అతను తనిఖీకి మారాడు.

తర్వాత జీటీ కార్లు వచ్చాయి, రేసు కోసమే పెద్ద కంపెనీలు చేసేవి. ఒక్కో కారు ఖరీదుకి ఇక్కడ నది పక్క పొలం వస్తుంది. లారీలో వస్తాయి, లారీలో పోతాయి. వాటి పనితనం చూసి ముచ్చటపడని మెకానిక్ ఉండడు, నేనూ పడ్డాను. కానీ వాటి చుట్టూ నడిచే వ్యవహారం చూస్తే నోట్లో ముద్ద దిగదు. ఏ కారు వేగంగా పోతే దానికి బరువు దిమ్మలు కడతారు, అన్నీ సమానం కావాలని. అందుకని శనివారం పరీక్ష పరుగులో ఎవడూ తన అసలు వేగం బయటపెట్టడు. ఎవడు ఎక్కువ ఏడిస్తే వాడి దిమ్మలు విప్పుతారు. డ్రైవర్లకీ బంగారం, వెండి, కంచు అని గ్రేడ్లున్నాయి. కంచువాడికి వెసులుబాట్లు ఎక్కువ. సిడ్నీ నుంచి వచ్చే ఇళ్ల వ్యాపారి ఒకడు, తను వెండి కాదు కంచేనని నిరూపించుకోడానికి లాయర్ని పెట్టుకున్నాడు. ఎదిగిన మనిషి తనకు చేతకాదని రాసి సంతకం పెట్టడం నేను అక్కడే చూశాను. ఆ అర్జీ మంజూరైన రోజు వాళ్ల గుడారంలో షాంపేన్ పొంగింది.

వాళ్లు పెరిగేకొద్దీ చిన్నకార్లు తగ్గాయి. నలభై ఇరవై అయ్యాయి, ఇరవై పదకొండయ్యాయి. మూలమలుపుల్లో అడ్డమొస్తున్నాయని జీటీ వాళ్లు ఫిర్యాదు చేశారు. అలాగని రేసు నడిపించే గావిన్ స్టాక్‌డేల్ వాటిని ఒక్కసారిగా తీసెయ్యలేడు. టీవీ వాళ్లకి ముప్పై కార్లు చూపిస్తానని రాసిచ్చాడు. జీటీలు ఇరవై నాలుగుకు మించి రావు. అందుకని ఒక నిబంధన పెట్టాడు. ఆరు చిన్నకార్లు రేసు మొదలుపెడితేనే ఆ తరగతి లెక్కలోకొస్తుంది. వరుసగా రెండేళ్లు ఆరు లేకపోతే తరగతి రద్దు.

రేసు ఏటా ఈస్టర్ ఆదివారమే. ఒక ఈస్టర్‌కి ఐదే వచ్చాయి. మరుసటి ఈస్టర్‌కీ ఐదే అయితే చిన్నకార్ల పని అయిపోయినట్టే. ఆ ఏడాదంతా క్లారీ ఆరో కారు కోసం తిరిగాడు. పాత నేస్తాలకి ఫోన్లు చేశాడు. ఒకడు మోకాళ్లు పోయాయన్నాడు, ఒకడు కారు కోళ్లగూడు అయిందన్నాడు. చివరికి జోలీన్ క్రోజియర్ దొరికింది. బడి బస్సు నడుపుతుంది, నలభై దాటిన మనిషి. ఎవరి దగ్గరో ఒక నీలం చిన్నకారు పంజరంతో సహా కొనుక్కుంది. మొదటి రేసు అదే.

ఈస్టర్ ముందు శుక్రవారం పొద్దున్నే తనిఖీ మొదలైంది. గడ్డి మీద ఇంకా మంచు తెల్లగా ఉంది. ఐదు చిన్నకార్లూ పాసయ్యాయి. ఆరోది వచ్చింది. ఇంజను శుభ్రం, బ్రేకులు కొత్తవి, బెల్టులు తేదీలో ఉన్నాయి. క్లారీ చిన్న ఇత్తడి సుత్తి తీసి పంజరం కాళ్లు ఒక్కొక్కటీ తట్టాడు. మూడు కాళ్లు గంటలా మోగాయి. డ్రైవరు వెనక కాలు మోగలేదు. గుమ్మడికాయ తట్టినట్టు డబ్ అంది.

మళ్లీ తట్టాడు. జేబుకత్తి తీసి, ఆ కాలు నేలకు అతుక్కున్న చోట రంగు గీకాడు. కింద గోధుమరంగు పుట్టీ పెచ్చులుగా ఊడింది. పుట్టీ కింద సన్నని ఇనుప జాలీ కనపడింది.

జోలీన్ వంగి చూసింది. "అదేంటి?"

"కిటికీలకి కొట్టే జాలీ."

"పంజరం కింద కిటికీ జాలీ ఎందుకు?"

"ఈగలు రాకుండా," అన్నాడు క్లారీ.

ఆమె నవ్వబోయి ఆగింది. తుప్పు పట్టి చిల్లుపడ్డ నేల మీద జాలీ పరిచి, పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టి అమ్మారు. వెల్డింగ్ గీత కూడా పుట్టీతోనే దిద్దారు, నిజం గీతలాగా అలలు అలలుగా. దాన్ని దిద్దిన చేతికి నైపుణ్యం ఉంది. ఆ ఓపికలో సగం పెడితే నిజంగానే అతికించి ఉండొచ్చు.

మిగతా ఐదుగురు చుట్టూ చేరారు. వాళ్లకి పెద్ద టోనీ ఫాబ్రిస్. టైల్స్ పరిచే మేస్త్రీ, క్లారీతో పాతికేళ్ల స్నేహం.

"క్లారీ, ఇటు రా. ఒక మాట," అన్నాడు టోనీ.

"ఇక్కడే అను. అందరికీ తెలిసిన మాటేగా."

"ఆమె కొత్త మనిషి. మెల్లగా తోలుతుంది. గోడ దరిదాపులకి కూడా పోదు."

"గోడతో మాట్లాడావా? అదేమంది?"

"ఎగతాళి చాల్లే. ఇది పోతే ఐదే. ఐదైతే మనం ఉండం. నువ్వు తోలిన తరగతిరా ఇది."

"అందుకేగా చెప్తున్నా. మనం తోలినప్పుడు పంజరం కాళ్లు నేలకి ఉండేవి."

టోనీ ఉమ్మేసి పక్కకి తిరిగాడు. ఆ నిమిషంలో నాకు అసహ్యం కలిగింది గావిన్ మీద కాదు, వీళ్ల మీద. చేతుల్తో పనిచేసి బతికే ఐదుగురు, పుట్టీ అంటే ఏమిటో తెలిసిన ఐదుగురు, ఆ జాలీని చూసి కూడా ఒక మనిషిని అందులో కూర్చోబెట్టడానికి సిద్ధపడ్డారు.

అప్పుడు గావిన్ వచ్చాడు. మెడలో నాలుగు గుర్తింపు కార్డులు, చేతిలో కాఫీ.

"ఏంటి ఆలస్యం? ఆరూ అయ్యాయా?"

"ఐదు," అన్నాడు క్లారీ.

"ఆరోదాని సంగతేంటి?"

"దానికి కాలు లేదు."

"క్లారీ, నీ మీద నాకు గౌరవం ఉంది. అందరికీ ఉంది. కానీ నాకు ముప్పై కావాలి. కాస్త పెద్ద మనసు చేసుకో."

"మనసు పెద్దది చేస్తాలే. నేల అతుక్కుంటుందా?"

గావిన్ నవ్వాడు. అతను నవ్వితే ఏమీ వినలేదని అర్థం. "ఆదివారం పొద్దునదాకా టైముంది. ఏదో ఒకటి చెయ్యండి," అని వెళ్లిపోయాడు.

చెయ్యగలవాడు అక్కడ ఒక్కడే. తుప్పు పట్టిన నేల కోసి, కొత్త రేకు వేసి, దానికి పంజరం కాలు అతికించడం ఆ మైదానంలో క్లారీకే చేతనవును. కానీ తనిఖీ చేసేవాడు పానా ముట్టుకోకూడదు. అది మాలో కాగితం మీద లేని కట్టుబాటు. సొంతంగా బాగుచేసిన దానిలో తప్పు సొంత కంటికి కనపడదు. పన్నెండేళ్ల కిందట ఒక తనిఖీదారు స్నేహితుడి కారుకి ఒక్క నట్టు బిగించాడని క్లారీ అతన్ని ఆ రోజే ఇంటికి పంపేశాడు. ఆ మనిషి చచ్చేదాకా క్లారీతో మాట్లాడలేదు.

క్లారీ తన నారింజ రంగు తనిఖీ కోటు విప్పి మడతపెట్టాడు. జేబులోంచి తనిఖీ లైసెన్సు తీసి కోటు మీద పెట్టి, రెండూ నా చేతికిచ్చాడు.

"పెద్ద నువ్వే ఇక, నెవ్. నేను పనివాణ్ణి."

"ముప్పై ఒక్క ఏళ్లు, క్లారీ."

"లెక్క నాకూ వచ్చు. గ్రైండర్ వ్యానులో ఉంది, అందుకో. ఊఁహూఁ, నువ్వు కాదు. నువ్వు ముట్టుకోకు." తనే వెళ్లి తెచ్చుకున్నాడు.

జోలీన్ అడిగింది, "నాకోసం నువ్వు ఇదంతా ఎందుకు?"

"నీ ఒక్కదానికోసం కాదులే. కారులో సీటు విప్పగలవా?"

"బస్సులో నలభై ఎనిమిది విప్పాను."

"అయితే నాకంటే నయం. కానియ్."

మధ్యాహ్నం దాకా పని జోరుగా సాగింది. క్లారీ చెడిపోయిన చోటు కోశాడు. మంచి ఇనుము తగిలేదాకా కోస్తేనే కొత్త రేకు నిలుస్తుంది. జానెడు కోశాడు, తగల్లేదు. మోచేతి పొడుగు కోశాడు. తలుపు కింద పెట్టెలాంటి దూలం ఉంటుంది, కారు బరువంతా దాని మీదే. దాన్ని తెరిస్తే లోపలంతా నలిపి కుక్కిన పాత వార్తాపత్రికలు. చదవగలిగేంత కొత్తవే. జోలీన్ ఒకటి లాగి విప్పింది.

"వాతావరణం బాగుంటుందట," అంది.

టోనీ వాళ్లు దూరంగా మడత కుర్చీల్లో కూర్చుని సాసేజ్ రొట్టెలు తింటూ చూస్తున్నారు. ఒకడు మాత్రం టీ తెచ్చి క్లారీ పక్కన పెట్టి వెళ్లాడు. క్లారీ తాగలేదు. పత్రికలన్నీ లాగేశాక తలుపు స్తంభం మొదలు దాకా వేలితో తడిమాడు. వేలు లోపలికి పోయింది.

నాలుగింటికి గ్రైండర్ కింద పెట్టాడు.

"నెవ్, ఇటు రా. తనిఖీ చెయ్."

"ఇంకా అవలేదుగా?"

"అవదు. చూడు."

నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. కొత్త రేకు ఒక పక్క పెట్టి ఉంది, అంచులు నున్నగా అరగదీసి, కొలతకు సరిగ్గా. దాన్ని అతికించడానికి చుట్టూ ఏమీ మిగల్లేదు. స్తంభం మొదలు తట్టాను. ఇసుకలా రాలింది.

"రాయి," అన్నాడు.

నేను కలం తీసి క్లారీ వైపు చూశాను. ఈ ఒక్క పని కోసం లైసెన్సు వదులుకున్న మనిషి నా పక్కన నిలబడి ఉన్నాడు.

"నన్నేం చూస్తావ్? కారుని చూడు. నీకు నేర్పింది అదేగా."

పనికిరాదని రాశాను. జోలీన్ ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. "ఇంటి నుంచి ట్రాక్ దాకా దీన్నే తోలుకుంటూ వద్దామనుకున్నా. ట్రైలర్ దొరక్కపోతే," అంది.

తరగతి పోయిందనే అందరం అనుకున్నాం. టోనీ ఆ సాయంత్రమే గుడారం మడవడం మొదలుపెట్టాడు. శనివారం పొద్దున గావిన్ అందర్నీ పిలిచాడు. ముఖంలో వెలుగు.

గేటు దగ్గర ఒక కార్ల కంపెనీ దుకాణం పెట్టింది. అక్కడ ఎర్ర చిన్నకారు ఒకటి పెద్ద చెక్క బల్ల మీద ఎక్కించి ఉంది, జనం ఎక్కి ఫొటోలు దిగడానికి. పైన అంకెలు, స్టిక్కర్లు. లోపల పంజరం కూడా ఉంది, చూపు కోసం. నీళ్ల గొట్టాలంత మందం, నల్లరంగు వేసింది.

"జోలీన్ పేరు జాబితాలో ఉండనే ఉంది," అన్నాడు గావిన్. "ఆమె ఈ కారులో గీత దాటుతుంది. రేసు మొదట్లో అందర్నీ నడిపించే ముందు బండి వెనక మెల్లగా ఒక్క చుట్టు. వెంటనే లోపలికి వచ్చేస్తుంది. అది రేసు వేగం కాదు కాబట్టి పూర్తి తనిఖీ అక్కర్లేదని న్యాయనిర్ణేతలు ఒప్పుకున్నారు. నిబంధనలో ఏముంది? ఆరు కార్లు మొదలుపెట్టాలి. ముగించాలని లేదు."

ముందు టోనీ చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. జోలీన్ కొట్టలేదు.

"నేను డబ్బు కట్టింది రేసు తోలడానికి," అంది. "షాపు బొమ్మలా కూర్చోడానికి కాదు."

"ఒక్క చుట్టేగా, జోలీన్," అన్నాడు టోనీ. "మా ఐదుగురి కోసం."

ఆమె క్లారీ వైపు చూసింది. క్లారీ ఆ ఎర్ర కారు పంజరం మీద గోటితో కొట్టి చూస్తున్నాడు.

"నువ్వేమంటావ్?"

"నేనిక్కడ ఎవర్నీ కాదమ్మా. మెల్లగా తోలు. బెల్టు పెట్టుకో. నీ ఇష్టం."

ఆమె సరే అంది. ఒప్పుకోకపోతే ఐదుగురి పాపం తన మెడకి చుట్టేవాళ్లని ఆమెకు తెలుసు. తనిఖీ స్టిక్కర్ అతికించాల్సింది నేను. న్యాయనిర్ణేతల కాగితం నా చేతిలో ఉంది, అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. అతికించాను. ఇవాళ్టికీ ఆ జిగురు నా వేళ్ల మీద ఉన్నట్టే అనిపిస్తుంది.

ఆదివారం ముప్పై కార్లు గీత దగ్గర నిలబడ్డాయి. టీవీలో నిండుగా కనపడ్డాయట. జోలీన్ అందరికంటే చివర, దూరంగా ముందు బండి మీది పచ్చ లైటు చూసుకుంటూ ఒక చుట్టు తిరిగి లోపలికొచ్చి, ఇంజను ఆపి, హెల్మెట్ తీసింది.

"ఏడు నిమిషాలు," అంది. "బడి బస్సులో ఇంతకంటే తొందరగా పోతా. అందులో ఆగుతూ పిల్లల్ని ఎక్కించుకుంటా కూడా."

కంపెనీ పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చి టైర్లకి అంటిన మురికి తుడిచింది. మధ్యాహ్నానికల్లా కారు మళ్లీ బల్ల ఎక్కింది.

అసలు రేసు సంగతి చెప్పడానికి ఏముంది. మొదటి మలుపులోనే ఇద్దరు కంచువాళ్లు ఒకరినొకరు గుద్దుకున్నారు. ఒక పొలం ఖరీదు కంకరలో పడింది. మొదట వచ్చినవాడికి జరిమానా వేశారు, రెండోవాడికీ వేశారు. చీకటిపడే వేళకి ఆఫీసు గదిలో లాయర్లు తేల్చారు, గెలిచింది నాలుగోవాడని. అతను అప్పటికే విమానాశ్రయానికి వెళ్లిపోయాడు. చిన్నకార్లలో టోనీ గెలిచాడు. మంచి కారు, బాగా తోలాడు. అది నిజమే. ఆ నిజం ఎవరికి కావాలి?

బహుమతుల గుడారంలో గావిన్ మైకు పట్టుకుని, మన మూలాలు, మామూలు మనుషుల రేసు, ఈ తరగతిని కాపాడుకున్నాం అంటూ మాట్లాడాడు. క్లారీ పేరు కూడా చెప్పాడు. జనం వెతికారు. అతను అక్కడ లేడు. బయట ట్రైలర్ దగ్గర, జోలీన్‌తో కలిసి నీలం కారుని తాళ్లతో కడుతున్నాడు. నేనూ వెళ్లి సాయం పట్టాను.

గావిన్ అక్కడికే వచ్చాడు. చేతిలో మడతపెట్టిన నారింజ కోటు, దాని మీద లైసెన్సు. నా బల్ల మీంచి తెచ్చినట్టున్నాడు.

"ఇది ఎక్కడా రాసుకోలేదు, క్లారీ. శుక్రవారం ఏమీ జరగలేదు. తీసుకో."

"జరిగింది," అన్నాడు క్లారీ. "నేను గ్రైండర్ పట్టుకున్నా."

"ఎవరికి కావాలది? తరగతి బతికిందిగా. నీకు కావాల్సింది అదేగా?"

క్లారీ తాడు ముడి లాగి చూసుకున్నాడు. "నాకు ఆరు కార్లు కావాలి, గావిన్. నువ్వు తెచ్చింది ఆరు అన్న అంకె మాత్రమే."

"నీతో ఎవడూ వేగలేడు."

"అందుకే వదిలేస్తున్నా. పండగ చేసుకో."

గావిన్ కోటుని ట్రైలర్ చక్రం మీద పెట్టి వెళ్లిపోయాడు. క్లారీ దాన్ని తీసి నాకిచ్చాడు. అక్కర్లేదన్నాను. "నీకు కాకపోతే ఇంకెవరికి?" అన్నాడు. "మంచివాడు కావాలంటే ఎవరైనా అవుతారు. నువ్వు నిన్న స్టిక్కర్ అతికించావ్. ఇంకోసారి అతికించవు. అందుకైనా ఉండు." తిట్టాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. నేను ఇంకో ఏడాది ఉన్నాను. మరుసటి ఈస్టర్‌కి చిన్నకార్లు మూడు వచ్చాయి. బల్లల మీంచి మూడు దిగాయి. కోటు ఆఫీసులో ఇచ్చేసి వచ్చేశాను.

ఆ ఆదివారం సాయంత్రం, నీలం కారు కట్టడం అయ్యాక, జోలీన్ బండి ఎక్కబోతూ అడిగింది, "దీన్ని తుక్కుకి వేసెయ్యనా?"

"మంగళవారం షెడ్డుకి తీసుకురా. ఆ పక్కంతా కోసెయ్యాలి. దూలం కొత్తది, స్తంభం సగం కొత్తది. ఈ చలికాలమంతా పడుతుంది. నువ్వూ రావాలి, నేను ఒక్కణ్ణే చెయ్యను."

"నాకు వెల్డింగ్ రాదు."

"వచ్చేదాకా విరగ్గొడతావులే."

"ఆ తర్వాత ఎక్కడ తోలాలి? ఏ తరగతిలో?"

"తరగతి సంగతి తర్వాత," అన్నాడు క్లారీ. "ముందు అది కారవ్వాలి."

ఆమె మంగళవారం వచ్చింది, బస్సు డ్యూటీ అయ్యాక, యూనిఫాం మీదే. క్లారీ ఆమె చేతికి రెండు తుక్కు ముక్కలిచ్చి, కళ్లద్దాలు పెట్టుకోమన్నాడు.